ఘనీ భాయ్ అతుకు

మొదటి వరుసలోని పెషావరు మనిషి చేతిలోంచి పక్కవాడి చేతిలోకి ఆ రాగి ముక్క మారేటప్పుడే హన్మాండ్లుకు తెలిసిపోయింది, అది ఘనీ భాయ్ అతికిన అతుకని. నడుమ రెండు వరుసలున్నాయి. దగ్గరివి కనబడక ముక్కు మీదికి అద్దాలొచ్చి మూడేళ్లయింది గానీ దూరం చూపు మాత్రం ఇంకా గద్ద చూపే, ఆ చూపే ఇప్పుడు కొంప ముంచింది. జానెడు రాగి గొట్టం, నడుమ వెండి రాడ్డు కరిగి చుట్టూ కూర్చున్న కట్టు, ఆ కట్టు వేడిగా ఉండగానే తడిగుడ్డతో కుడి నుంచి ఎడమకు తుడిచిన జాడ, జాడ చివర ఆగిపోయిన చిన్న వెండి బొట్టు, ఆవగింజ కంటే పెద్దది, కందిగింజ కంటే చిన్నది. సౌదీలోని ఈ బురైదాలో రాగి గొట్టాలు అతికేవాళ్లు ఎంతమంది లేరు, అందులో ఎడమచేతివాటం వాళ్లు మాత్రం ఉండరా అని తనకు తాను సర్దిచెప్పుకోబోయాడు, మనసు ఒప్పుకోలేదు. పదహారేళ్లు పక్కన నిలబడి, గ్యాస్ మంట టార్చి అందించి, గుడ్డ తడిపి ఇచ్చిన మనిషికి ఆ చెయ్యి ఎవరిదో ఒకరు చెప్పాలా. ముక్క రెండో మనిషి దగ్గర ఆగింది. అతను తిప్పి చూసి నవ్వాడు.

నవ్వడానికే తెచ్చారు దాన్ని. ఇది లైసెన్సు క్లాసు. ఏసీ మరమ్మతు చేసేవాడికి కార్డు ఉండాలట, కార్డు బతకాలంటే గడువు తీరేలోపు బడికి వచ్చి కొత్త సంగతులు నేర్చుకోవాలట, రెండు శనివారాలు పొద్దున్నుంచి సాయంత్రపు అసర్ నమాజు దాకా. ఇరవై రెండు మంది ఏసీ మెకానిక్కులు వరసగా కూర్చున్న ఆ గదిలో ఏసీ కింద బకెట్ పెట్టి ఉంది, టప్పు టప్పుమని నీళ్లు పడుతున్నాయి, ఒక్కడూ లేచి దాని డ్రెయిన్ పైపు ఊదడు, ఎందుకంటే ఇవాళ అందరూ విద్యార్థులు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా. యాభై మూడేళ్లొచ్చాక బెంచీ ఎక్కడమంటే హన్మాండ్లుకు మొదట్లో నవ్వొచ్చింది, వీసా ఇచ్చిన యజమాని కఫీల్ పిలిచి చెప్పినప్పుడు పోయింది ఆ నవ్వు. దుకాణం కఫీల్ పేరు మీదే ఉన్నా దాన్ని నిలబెట్టేది లోపల పనిచేసే ఉస్తాదు కార్డు. కార్డుంటే ఇకామా, లేకపోతే ఖురూజ్, అన్నాడు ఆయన ఖర్జూరం నములుతూ, కోపంగా కాదు, వాతావరణం సంగతి చెప్పినట్టు. ఇకామా అంటే ఇక్కడ ఉండనిచ్చే కాగితం, ఖురూజ్ అంటే పోవడం, మళ్లీ రాకుండా పోవడం. కార్డు గడువు ఇంకా తొమ్మిది రోజులు. ఇవాళ తప్పితే మళ్లీ క్లాసు రెండు నెలలకు. కరీంనగర్‌లో చిన్నవాడి చదువు ఇంకా రెండేళ్లుంది, ఆ రెండేళ్లు ఇక్కడ గడిస్తే చాలు, ఆ తర్వాత ఖురూజ్ కాదు, ఏదైనా సరే, తనే మూట కట్టుకుని పోతాడు. ఇక మిగిలింది ఈ ఒక్క గంట. ముక్క చేతికొచ్చినవాడు లేచి అందులో తప్పులేమిటో చెప్పాలి, చెబితే పాసు.

పాఠం చెప్పే ఇష్తియాక్ హైదరాబాదు పిల్లవాడు, ముప్పై దాటి ఉండవు, ఇంజనీరు, ఒక్కరినీ నువ్వు అనడు. తెర మీద ఇంగ్లీషు, నోట్లో ఉర్దూ, మన మొహాలు కనబడితే నడుమ నడుమ తెలుగు. అలాంటివాడి మీద కోపం తెచ్చుకుందామన్నా రాదు. అతను తన చేతిలో అదే గొట్టం రెండో చెక్కను పట్టుకున్నాడు, గొట్టాన్ని ముందే నిలువుగా రెండుగా కోయించి తెచ్చాడు, లోపలి వైపు దీపం కిందికి తిప్పి చూపించాడు. లోపలంతా నలుపు. పొయ్యి మీది కుండ అడుగులా మసి, గోరు పెట్టి గీరితే పెళ్లలు పెళ్లలుగా రాలింది. చూడండి, బయట పెళ్లికూతురు, లోపల ఇదీ, అన్నాడు. గది నవ్వింది. అతికేటప్పుడు గొట్టంలోంచి నైట్రోజన్ పోనివ్వకపోతే లోపలి రాగి కాలి ఇలా మసి కడుతుంది, ఈ మసి నూనెతో కలిసి కంప్రెసర్‌లోకి పోతుంది, ఇది యంత్రానికి మెల్లగా పెట్టే విషం, అన్నాడు. హన్మాండ్లు ఆ నలుపు వైపే చూస్తూ ఉండిపోయాడు. పదహారేళ్లలో ఘనీ భాయ్ అతుకును బయట నుంచి చూడని రోజు లేదు, లోపలికి ఒక్కసారీ చూడలేదు. ఎవరు చూస్తారు. అతికినదాన్ని కోసి చూసే పని ఎవరికుంటుంది, గొట్టం నిలిచిందా, గ్యాస్ ఆగిందా, సబ్బు నీళ్లు పూస్తే బుడగ రాలేదా, అంతే కదా చూసేది.

నైట్రోజన్. ఎవరిచ్చారు ఆ రోజుల్లో నైట్రోజన్. నాలుగంతస్తుల మెట్లు, లిఫ్టు లేదు, భుజం మీద ఆక్సిజన్ సిలిండర్ ఒకటి, గ్యాస్ సిలిండర్ ఒకటి, ఇంకొకటి కావాలంటే కఫీల్ మొహం చూడాల్సిందే. ఘనీ భాయ్ మోసే భుజం ఎప్పుడూ కుడిదే, ఎడమచేతిని పనికి దాచుకునేవాడు, వంటవాడు నాలుకను దాచుకున్నట్టు. హన్మాండ్లు ఆయనకు మొదట దొరికింది ఖర్జూరపు తోటలో. మెట్‌పల్లి దగ్గర్నుంచి తోట పనికని వచ్చి, తాటి ఎక్కడం వచ్చు కదా అని ఖర్జూరం చెట్టెక్కి, ముళ్లు గుచ్చుకున్న అరచేతులతో తోట గదిలో పడుకుని ఉన్నప్పుడు ఆ గది ఏసీ బాగుచేయడానికి వచ్చాడాయన, రాయచోటి మనిషి, గళ్ల లుంగీ మీద కంపెనీ చొక్కా. "ఏమబ్బా, ఆ చేతులేంది అట్లుండాయి," అని తెలుగులో అడిగాడు. నాలుగు నెలల తర్వాత వినబడిన తెలుగు. యాస మనది కాదు, అయినా హన్మాండ్లుకు ఏడుపొచ్చింది, ఏడ్చాడు కూడా, అందులో సిగ్గేముంది. నెల తిరక్కుండా తోట యజమానితో మాట్లాడి, బతిమాలి, దుకాణానికి మార్పించుకున్నాడు. అక్షరాలు రాని చేతికి మంట పట్టుకోవడం నేర్పాడు. "మంట మీద కన్ను పెట్టాకు, రాడ్డు మీదా పెట్టాకు. రాగి రంగు మీద పెట్టు. అది మాగిన ఉన్నగాయ రంగుకొస్తే అప్పుడు తాకించు, అదే తాగుతాది," అనేవాడు. ఉన్నగాయ ఏమిటో ఇప్పటికీ తెలియదు హన్మాండ్లుకు, వాళ్లూళ్లో ఏదో కాయ అయి ఉంటుంది, అడుగుదామనుకుంటూనే ఏళ్లు గడిచాయి, రంగు మాత్రం పట్టుబడింది.

ముక్క రెండో వరుసకొచ్చింది. ఒక బంగ్లాదేశీ లేచి రాడ్డు ఎక్కువ పోశాడు సాబ్ అన్నాడు, ఆ బొట్టు చూపించి. ఇంకొకడు తడిగుడ్డ అన్నాడు. వేడి మీద నీళ్లు తగిలితే అతుక్కి కంటికి కనబడని పగులొస్తుంది, ఎప్పుడో ఒకనాడు అక్కడే తెగుతుంది, అని ఇష్తియాక్ వివరించాడు. ఈ గొట్టం ఎక్కడిదంటే ఉనైజా రోడ్డు మీది ఖర్జూరపు కోల్డ్ స్టోరేజీ పడగొడుతుంటే స్క్రాపులో ఏరి తెచ్చామన్నాడు. ఆ కోల్డ్ స్టోరేజీ. ఆగస్టు నెల, ఖర్జూరం తోటల్లోంచి లారీలకు లారీలు దిగుతున్న కాలం, లోపల సరుకు, యంత్రం ఆగిపోయింది, యజమాని తల పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. యంత్రం కిందికి దూరే జాగా లేదు. ఘనీ భాయ్ చొక్కా విప్పి వెల్లకిలా పాక్కుంటూ పోయాడు, టార్చి దూరంగా పట్టుకునే వీలు లేక మొహానికి జానెడు దూరంలో మంట పెట్టుకుని అతికాడు, కరిగిన రాడ్డు చుక్క ఒకటి మెడ దగ్గర పడితే కదల్లేదు, కదిలితే అతుకు కదులుతుందని. బయటికొచ్చాక ఆ కాలిన చోట హన్మాండ్లు ఇంత పళ్లపేస్టు రాస్తుంటే, "నీ పెండ్లానికి రాసినట్టే రాస్తాండావురా, తొందరగా కానీ," అని నవ్వాడు. పదమూడేళ్ల కింద. అంటే ఆ అతుకు పదమూడేళ్లు నిలిచింది. పగలలేదు, తెగలేదు, కట్టడం పడగొడితే గాని కిందికి దిగలేదు.

ఆ మాట హన్మాండ్లు లోపల మెరిసింది. అదే చెప్పాలి. తన వంతు వచ్చాక తప్పులు చెప్పనే చెబుతాడు, చెప్పకపోతే పాసు కాడు, పాసు కాకపోతే చిన్నవాడి చదువు ఆగుతుంది, సరే చెబుతాడు, నాలుగూ చెబుతాడు, చెప్పి ఊరుకోకుండా ఒక్క మాట కలుపుతాడు, సార్, ఇది పదమూడేళ్లు నడిచింది సార్ అని. అంతే. ఘనీ భాయ్ పేరు కూడా ఎత్తక్కర్లేదు. ఇష్తియాక్ మంచి పిల్లవాడు, ఏమీ అనడు, మహా అయితే నవ్వుతాడు. ఆ మాటను హిందీలో కట్టి చూసుకున్నాడు, తేరా సాల్ చలా సాబ్, మూడే ముక్కలు, నోరు తిరగనిది ఏమీ లేదు. ఈ దేశంలో ఘనీ భాయ్‌ది అంటూ చూపించడానికి ఇంకేముంది కనుక. రెండు వేసవుల కింద ఒక గురువారం పొద్దున పనికని బూటు తాడు కట్టుకుంటూ మంచం మీద పక్కకు ఒరిగాడు, అంతే. రాయచోటిలో ఆయన భార్య ఆసిఫాబీకి ఫోన్ చేసింది హన్మాండ్లే, ఆమె, "ఆడ్నే మట్టి చేయండి అన్నా, మంచి భూమి," అంది. గుసుల్ స్నానం చేయించినవాళ్లు, మోసినవాళ్లు, వరుసలో నిలబడ్డవాళ్లు వేరేవాళ్లు, హన్మాండ్లు శ్మశానం గోడ బయట పికప్ పక్కన నిలబడ్డాడు, ఎండలో, చెప్పులు విప్పి. ఇక్కడి సమాధుల మీద పేర్లుండవు, ఏ మట్టి కుప్ప ఎవరిదో లోపలికి పోయినవాళ్లకే తెలియదు, బయటివాడికి ఏం తెలుస్తుంది. అందుకే మేడల మీద పని చేస్తున్నప్పుడు పాత యంత్రం మూత తీస్తే ఎక్కడైనా ఆ బొట్టు కనబడుతుంది, దాని మీద ఒకసారి వేలు పెడతాడు. దండం కాదు, ఏమీ కాదు, వేలు పెడతాడంతే. ఏటేటా పాత యంత్రాలు స్క్రాపుకు పోతున్నాయి, ఆ వేలు పెట్టడమూ తగ్గిపోతోంది, నిరుడు మూడుసార్లే దొరికింది.

మూడో వరుస. నాలుగో వరుస. ఇప్పుడు ముక్క పక్కనే ఉన్న కాలేషా చేతిలో ఉంది. కాలేషాదీ రాయచోటి వైపే, ఘనీ భాయ్ దగ్గర నాలుగు నెలలు పనిచేసి, మాటా మాటా పెరిగి, ఆయన చేతి దెబ్బ కూడా తిని, ఆ కోపంతో వేరే దుకాణానికి పోయినవాడు. చావు రోజున కూడా ఆలస్యంగా వచ్చాడు. అతను ముక్కను రెండు వేళ్లతో పట్టుకుని ఆ బొట్టు వైపు చూశాడు, తర్వాత హన్మాండ్లు వైపు చూశాడు, హన్మాండ్లు ముందరి కుర్చీ వీపు మీది గీతలు చూశాడు. కాలేషాకు తెలిసిందని తనకు తెలిసింది, తనకు తెలుసని కాలేషాకు తెలిసింది, ఇంత చిన్న గదిలో ఆ సంగతి దాచడానికి ఎక్కడా చోటు లేదు. కాలేషా లేచాడు.

"దీంట్లో తప్పేమీ నాకు కనపల్లేదు సార్."

"సరిగ్గ చూడండి కాలేషా భాయ్, లోపల సైడ్ గూడ చూడండి," అన్నాడు ఇష్తియాక్, ఓపిగ్గా.

"చూసినా సార్. బాగుండాది."

గది మళ్లీ నవ్వింది. ఇష్తియాక్ నవ్వలేదు, ఇంకో అవకాశం ఇచ్చాడు, కాలేషా అలాగే నిలబడ్డాడు, పోనీ అన్నట్టు కాగితం మీద ఏదో రాసి, నెక్స్ట్ బ్యాచ్‌కి రండి, ఏం పర్వా లేదు, అన్నాడు. కాలేషా కూర్చున్నాడు. మూర్ఖుడు అనుకున్నాడు హన్మాండ్లు, లోపల ఒళ్లు మండింది, ఎవరి కోసం చేసినట్టు ఇది, చచ్చినవాడు వింటాడా, దెబ్బ తిని పోయినవాడివి నీకెందుకీ ప్రేమ, నీకు గడువు ఇంకా ఉందేమో, నాకు లేదు, నువ్విలా చేస్తే పక్కన కూర్చున్న నన్నూ అదే గాటన కట్టరా. ఇన్నీ అనుకుంటూనే లేచాడు. ముక్క చేతికొచ్చింది. ఏసీ చలికి చల్లబడి ఉంది. వేలు దానంతటదే ఆ బొట్టు మీదికి పోబోయింది, తీసేశాడు.

"మీరు చెప్పండి ఉస్తాద్, మీరు అందర్లో సీనియర్," అన్నాడు ఇష్తియాక్.

హన్మాండ్లు చెప్పాడు. నైట్రోజన్ పెట్టలేదు. రాగిని అవసరానికి మించి కాల్చారు. రాడ్డు ఎక్కువ పోశారు. తడిగుడ్డతో చల్లార్చారు. నాలుగూ వరుసగా, హిందీలో, ఎక్కడా తడబడకుండా వచ్చాయి, తనకే ఆశ్చర్యమేసింది. బహుత్ ఖూబ్ అన్నాడు ఇష్తియాక్, కాగితం మీద పెన్ను కదిలింది, పాసు. అక్కడితో కూర్చోవచ్చు. పదమూడేళ్ల మాట నాలుక మీద ఉంది, మూడే ముక్కలు. గదిలో అందరూ ఇటే చూస్తున్నారు, కాలేషాకు నవ్విన మొహాలింకా నవ్వు ఆరకుండానే ఉన్నాయి, మొదటి వరుస పెషావరు మనిషి కూడా కుర్చీలో వెనక్కి తిరిగి ఉన్నాడు, ముసలాయన ఇంకేదో చెబుతాడని వాళ్లందరికీ తెలిసిపోయింది, ఆ చూపులు చూస్తే హన్మాండ్లుకు ఒక్కసారిగా భయమేసింది, దేనికో తెలియదు, వీళ్లంతా కలిసి తనను కూడా ఆ గొట్టం లోపలి నలుపులో చూస్తారేమోనని. నోరు తెరిచాడు. "జిస్నే కియా, ఉస్కో కామ్ నహీ ఆతా సాబ్," అన్నాడు. చేసినవాడికి పని రాదు అని. గది గట్టిగా నవ్వింది, ఎవరో బల్ల కూడా చరిచారు. అన్నది తన నోరేనా అని వెతుక్కున్నాడు హన్మాండ్లు. తెలుగులో అయితే రాకపోయేదేమో ఆ మాట. పరాయి భాషలో మనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టేవాళ్లు ఉండరు. అతను కూర్చున్నాడు, ముక్కను వెనక వరుసవాడికి అందించాడు, బకెట్‌లో నీటి చుక్కలు పడుతూనే ఉన్నాయి.

తర్వాత ఏం పాఠం జరిగిందో తెలియదు. కొత్త గ్యాసులు నిప్పంటుకుంటాయని, సిలిండర్ ఎండలో పెట్టొద్దని, పాత గ్యాసు గాలిలోకి వదలొద్దని ఏవేవో బొమ్మలు తెర మీద మారాయి. హన్మాండ్లు మాత్రం ఆ ఒక్క మాట ముందూ వెనకా తిరుగుతున్నాడు, ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు నేర్పారు. తన చేతికి పని రాని రోజుల్లో ఘనీ భాయ్ ఎన్ని గొట్టాలు పాడుచేయనిచ్చాడు, ఎన్ని రాడ్లు కిందపోసినా ఊరుకున్నాడు, కఫీల్ వచ్చి అడిగితే నేనే పాడుచేశాననేవాడు. ఆసిఫాబీ పండక్కి పండక్కి ఫోన్ చేస్తుంది, మా ఆయన పని గురించి చెప్పండన్నా అంటుంది, పిల్లలకు వినిపించడానికట, స్పీకర్‌లో పెడుతుంది. ఏం చెప్పాలిక. అసర్ అజాన్ వినిపించింది, ఇష్తియాక్ కాగితాలు సర్దుకుని, కార్డులు వారంలోగా వస్తాయి, అన్నాడు. పోతూ పోతూ హన్మాండ్లు దగ్గర ఆగి, "ఉస్తాద్, మీలాంటోళ్లు క్లాసులో ఉంటే మాక్కూడ మంచిగుంటది," అని చెయ్యి కలిపాడు. మెత్తటి చెయ్యి. హన్మాండ్లు షుక్రియా అన్నాడు.

పికప్ కాలేషాది. పొద్దున ఇద్దరూ అందులోనే వచ్చారు, ఇప్పుడు ఎక్కకపోవడానికి సాకు దొరకలేదు. ఎండ ఇంకా తగ్గలేదు, రోడ్డు పక్క తోటల్లో ఖర్జూరం గెలలకు సంచులు కట్టి ఉన్నాయి, ఒక్క మనిషీ కనబడడు. కాలేషా రేడియో కూడా పెట్టలేదు. హన్మాండ్లు అతను తిడితే బాగుండుననుకున్నాడు. తిడితే తిరిగి అనొచ్చు, నీకేం తెలుసు అనొచ్చు, పెళ్లాం పిల్లల సంగతి చెప్పొచ్చు. రెండో సిగ్నల్ దగ్గర బండి ఆగింది.

"మీరు చెప్పిన నాలుగూ కరెక్టేన్నా," అన్నాడు కాలేషా రోడ్డు మీద నుంచి చూపు తీయకుండా. "అవి తప్పులే. నాకూ తెలుసు. మీకు కార్డు కావాల, మీరు చెప్పాల. దాన్ని మనసులో పెట్టుకోవాకండి."

అంత మెత్తగా అన్నాడు. ఇంత దయ ఎక్కడి నుంచి వచ్చింది వీడికి అనిపించింది హన్మాండ్లుకు. కాలేషా ఆ నాలుగింటితోనే ఆపాడు. అయిదో దాని జోలికి పోలేదు. పోకుండా దాన్ని అక్కడే, తమ ఇద్దరి నడుమ, సీటు మీద వదిలేశాడు. సిగ్నల్ పచ్చబడింది, వెనకవాడు హారన్ కొట్టాడు.

"కాలేషా," అన్నాడు హన్మాండ్లు. "నాలుగింటికే పాసు రాసిండు. తర్వాత అన్న గదా ఒక మాట. అది ఎవ్వలడగలే. నేనే అన్న."

కాలేషా గేరు వేశాడు.

"తెలుసున్నా. నేనూ ఆడ్నే ఉంటి కదా."